చిన్న గన్‌షిప్ విమానాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రవాణా విమానానికో, పొలాల మీద మందు చల్లే విమానానికో తుపాకులు, క్షిపణులు బిగించి నేల మీద పోరాడే దళాలకు తోడుగా పంపడం అరవై ఏళ్ల నాటి పద్ధతి. అలాంటి విమానాన్నే గన్‌షిప్ అంటారు. ఈ పేజీలో రెక్కల విమానాల గురించే చెబుతున్నాం. హెలికాప్టర్లు పోలిక అవసరమైన చోట మాత్రమే వస్తాయి. ఎక్కువ వివరం వియత్నాం యుద్ధంలో అమెరికా వాడిన ఏసీ-47 అనే గన్‌షిప్ గురించి ఉంటుంది. దాన్ని అర్థం చేసుకుంటే తర్వాత వచ్చినవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

గన్‌షిప్‌కీ మామూలు యుద్ధ విమానానికీ తేడా ఏమిటి?

ఫైటర్ ముక్కు ఎటుంటే దాని తుపాకీ అటే కాలుస్తుంది. లక్ష్యం మీదికి వాలుగా దిగుతూ కొన్ని సెకన్లు కాల్చి, పైకి లేచి, పెద్ద చుట్టు తిరిగి మళ్లీ రావాలి. ఆ మధ్యలో నిమిషమో రెండు నిమిషాలో కింద ఉన్నవాళ్లకు తోడు ఉండదు. ముళ్లకంచె దగ్గరికి పాక్కుంటూ వస్తున్న శత్రువుకు ఆ కాస్త వ్యవధి చాలు.

గన్‌షిప్‌కు తుపాకులు ఎడమ పక్కన ఉంటాయి. విమానం ఎడమకు ఒరిగి లక్ష్యం చుట్టూ గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ ఉంటే, తుపాకీ గొట్టాలు ఎప్పుడూ ఆ చక్రం నడిమధ్యకే చూస్తుంటాయి. గురి తప్పిపోదు, కాల్పులకు విరామం ఉండదు, కింద జరిగేది పైలట్ తన ఎడమ కిటికీలోంచి చూస్తూనే ఉంటాడు. మందుగుండు, ఇంధనం ఉన్నంతసేపు అక్కడే ఉండగలగడమే గన్‌షిప్ అసలు బలం. వేగం, కవచం, తుపాకీ పరిమాణం అన్నీ దాని తర్వాతే.

పక్కకు కాల్చాలన్న ఆలోచన ఎవరిది?

ఒక్కరిది కాదు. 1920ల చివర్లోనే అమెరికాలో ఫ్రెడ్ నెల్సన్ అనే లెఫ్టినెంట్ డీహెచ్-4 విమానం పక్కన మెషిన్‌గన్ బిగించి ప్రయత్నించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గిల్మర్ మెక్‌డొనాల్డ్ అనే అధికారి ఇదే సూచన చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

1960ల మొదట్లో బెల్ ఏరోసిస్టమ్స్ ఇంజినీరు రాల్ఫ్ ఫ్లెక్స్‌మన్ దీన్ని మళ్లీ తెరపైకి తెచ్చాడు. ఈక్వడార్ అడవుల్లో నేట్ సెయింట్ అనే మిషనరీ పైలట్ విమానం గుండ్రంగా తిరుగుతుండగా పొడవాటి తాడుతో బకెట్ దింపేవాడు. చక్రం మధ్యలో ఆ బకెట్ దాదాపు కదలకుండా నిలిచేది. కింది మనుషులు అందులోంచి సామాను తీసుకునేవారు. తాడు స్థానంలో తూటాల వరుసను ఊహించుకుంటే గన్‌షిప్ ఆలోచన కళ్లకు కడుతుంది. అమెరికా వైమానిక దళంలో కెప్టెన్ జాన్ సైమన్స్ పరీక్షలు మొదలుపెట్టాడు. కెప్టెన్ రొనాల్డ్ టెర్రీ వాటిని పూర్తి చేసి, 1964 చివర్లో దక్షిణ వియత్నాంలోని బియెన్ హోవాకు తీసుకెళ్లాడు. అక్కడ పాత సీ-47 డకోటా రవాణా విమానాలకు మినీగన్‌లు (చాలా వేగంగా కాల్చే మెషిన్‌గన్‌లు) బిగించారు. డిసెంబరు 15న తొలిసారి యుద్ధంలోకి వెళ్లాయి. డిసెంబరు 23 రాత్రి మెకాంగ్ డెల్టాలో దాడికి గురైన ఒక అవుట్‌పోస్ట్ మీద చక్కర్లు కొడుతూ 4,500 తూటాలు కాల్చాక దాడి ఆగిపోయింది.

మొదట దీనికి ఎఫ్‌సీ-47 అని పేరు పెట్టారు. ‘ఎఫ్’ అంటే ఫైటర్. ముసలి డకోటాను ఫైటర్ అనడం ఫైటర్ పైలట్లకు నచ్చలేదు. వాళ్ల అభ్యంతరంతో అది ఏసీ-47 అయింది. రేడియోలో దాని పిలుపు పేరు ‘స్పూకీ’.

తిరుగుతున్న విమానం నుంచి గురి ఒకే చోట ఎలా నిలుస్తుంది? లెక్క చెప్పగలరా?

చెప్పవచ్చు, ఇంటర్ భౌతికశాస్త్రం చాలు. ఒరిగి తిరిగే విమానం గీసే చక్రం వ్యాసార్థం రెండిటి మీద ఆధారపడుతుంది: వేగం, ఒరిగిన కోణం. వేగం వర్గాన్ని, గురుత్వ త్వరణాన్ని కోణం టాంజెంట్‌తో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే వ్యాసార్థం వస్తుంది. ఏసీ-47 సుమారు 120 నాట్లతో, అంటే సెకనుకు దాదాపు 62 మీటర్లతో తిరిగేది. 30 డిగ్రీలు ఒరిగితే వ్యాసార్థం సుమారు 670 మీటర్లు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. తుపాకీని సరిగ్గా రెక్క దిశలో బిగిస్తే, అది చక్రం మధ్యకు చూసేది ఒకే ఒక్క ఎత్తులో. ఆ ఎత్తు వేగం వర్గాన్ని గురుత్వ త్వరణంతో భాగించినంత. ఒరిగే కోణం పెంచినా తగ్గించినా ఆ ఎత్తు మారదు. 120 నాట్లకు అది సుమారు 390 మీటర్లు, అంటే 1,275 అడుగులు. శిక్షణలో స్తంభం చుట్టూ తిరగడం నేర్చుకునే ప్రతి పైలట్‌కూ ఈ లెక్క తెలుసు. 390 మీటర్ల ఎత్తులో నిదానంగా తిరిగే విమానాన్ని రైఫిల్ ఉన్నవాడు కూడా కొట్టగలడు. అందుకని ఏసీ-47 మామూలుగా 3,000 అడుగుల ఎత్తున, అంటే 914 మీటర్ల దగ్గర ఉండేది. అంత ఎత్తు నుంచి చక్రం మధ్యను కొట్టాలంటే తుపాకులు రెక్క గీత కంటే కిందికి వంగి ఉండాలి. పైన చెప్పిన వేగం, కోణాలతో లెక్కిస్తే ఆ వంపు 23 డిగ్రీల పైచిలుకు వస్తుంది. ఎత్తు ఎక్కువైనకొద్దీ, వేగం తగ్గినకొద్దీ ఇంకా వంచాలి.

గాలి ఈ లెక్కను చెడగొడుతుంది. గాలి వాలున వెళ్లేటప్పుడు నేలతో పోలిస్తే వేగం పెరుగుతుంది, చక్రం సాగిపోతుంది. అప్పుడు పైలట్ ఇంకాస్త ఎక్కువ ఒరగాలి. ఎదురుగాలిలో తగ్గించాలి. చక్రం పొడుగునా ఒకే కోణం పట్టుకు కూర్చుంటే చక్రమంతా గాలి వాటున కొట్టుకుపోతుంది, దానితోపాటు తూటాలు పడే చోటూ జరుగుతుంది. కింద సొంత దళం ఉన్న వైపుకు గాలి వీస్తుంటే ఇది చాలా ప్రమాదం. అందుకే మంచి పైలట్ మొదటి చుట్టు కాల్చకుండా తిరిగేవాడు. గాలి ఎటు, ఎంత అన్నది తేల్చుకున్నాకే మీట నొక్కేవాడు.

తూటా సూటిగా గురిపెట్టిన చోటే పడుతుందా?

పడదు. తుపాకీ పక్కకు చూస్తున్నా, విమానం ముందుకు పోతున్న వేగం తూటాకు అంటుకునే ఉంటుంది. 7.62 మిల్లీమీటర్ల తూటా గొట్టం నుంచి సెకనుకు సుమారు 840 మీటర్లతో బయటపడుతుంది. విమానం పోయే వైపుకు సెకనుకు 62 మీటర్లు. పైలట్ నుంచి లక్ష్యానికి ఏటవాలు దూరం 1,100 మీటర్ల పైనే. అంటే తూటా గురి కంటే 80 మీటర్లకు పైగా ముందుకు పడుతుంది. గురి పరికరాన్ని ఆ మేరకు సర్ది బిగించేవారు. పైలట్ ఎడమ కిటికీ పక్కన ఉండేది కొత్త పరికరమేమీ కాదు, ఏ-1 స్కైరైడర్ విమానానికి వాడిన గురి అద్దమే. ఎత్తు గానీ వేగం గానీ మారితే ఆ సర్దుబాటు చెల్లదు. కాబట్టి ఎత్తు, వేగం, కోణం మూడూ పట్టుకుని ఉండటమే పైలట్ పనిలో ముప్పాతిక వంతు. కో-పైలట్ ఎత్తు, వేగం చూసుకుంటుంటే పైలట్ కన్ను కిటికీలోనే ఉండేది.

ఏసీ-47లో ఏమేం ఉండేవి?

మూడు మినీగన్‌లు: రెండు వెనక కిటికీల్లో, ఒకటి సరుకు తలుపులో. మినీగన్‌కు ఆరు గొట్టాలు. కరెంటు మోటారు వాటిని తిప్పుతుంది. నిమిషానికి 3,000 లేదా 6,000 తూటాలు కాల్చేది. మీట పైలట్ చేతికింద ఉండేది. ఏడుగురు సిబ్బంది: పైలట్, కో-పైలట్, నావిగేటర్, ఫ్లైట్ ఇంజినీర్, లోడ్‌మాస్టర్ (సరుకు చూసుకునేవాడు), ఇద్దరు గన్నర్లు. దక్షిణ వియత్నాం సైన్యానికి చెందిన ఒక పరిశీలకుడు కూడా తరచుగా ఉండేవాడు. కిందివాళ్ల భాష తెలిసినవాడు అతనే.

సుమారు 24,000 తూటాలు, 45 ఫ్లేర్లు (రాత్రి వెలుగు కోసం వేసే మంట గొట్టాలు) మోసుకెళ్లేది. చూడటానికి పెద్ద అంకె. మూడు తుపాకులూ పూర్తి వేగంతో కాలిస్తే సెకనుకు 300 తూటాలు పోతాయి, 24,000 తూటాలు 80 సెకన్లలో ఖాళీ. అందుకే ఒక తుపాకీతోనో రెండింటితోనో మూడేసి సెకన్లు కాల్చడం అలవాటు చేసుకున్నారు. అలా కాలిస్తే తెల్లవారేదాకా సరిపోయేది. 1965 ఫిబ్రవరి 8న బాంగ్ సాన్ దగ్గర ఒక విమానం నాలుగు గంటలకు పైగా తిరుగుతూ 20,500 తూటాలు కాల్చింది.

మూడు సెకన్ల కాల్పులతో సుమారు 50 గజాల వెడల్పున్న కోడిగుడ్డు ఆకారపు స్థలంలో రెండు గజాలకు కాస్త పైన ఒక తూటా చొప్పున పడేదని లెక్క.

ఫ్లేర్లు ఎందుకు? అవి లేకుండా కుదరదా?

అప్పట్లో కుదరదు. రాత్రి చూపు పరికరాలు ఏసీ-47కు లేవు. చీకట్లో కంచె బయట ఎవరున్నారో చూడాలంటే వెలుగు కావాలి. మార్క్-24 ఫ్లేర్ సుమారు 12 కిలోల లోహపు గొట్టం. తలుపులోంచి తోస్తే చిన్న పారాచూట్ విప్పుకుని, 20 లక్షల కొవ్వొత్తుల వెలుగుతో మూడు నిమిషాల పాటు మండుతూ దిగుతుంది. 45 ఫ్లేర్లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తే రెండుంబావు గంటల వెలుగు. బరువు లెక్కేస్తే 45 ఫ్లేర్లు, 24,000 తూటాలు దాదాపు సమానం: ఒక్కొక్కటీ సుమారు 550 కిలోలు. ఆ రోజుల్లో వెలుగుకూ మందుగుండుకూ సమాన విలువ ఇచ్చారన్నమాట. కొన్నిసార్లు తూటా కాల్చకుండా ఫ్లేర్ వేస్తేనే దాడి చేసేవాళ్లు వెనక్కి తగ్గేవారు.

ఫ్లేర్‌తో ఉన్న ప్రమాదం విమానం లోపలే. లోడ్‌మాస్టర్ ఫ్యూజ్ సర్ది గన్నర్‌కు ఇస్తాడు. గన్నర్ పిన్ను రింగులో వేలు పెట్టి సిద్ధంగా నిలబడి, పైలట్ చెప్పగానే పిన్ను లాగి బయటికి తోస్తాడు. పిన్ను ఊడాక ఉండేది కొన్ని సెకన్లే. 1969 ఫిబ్రవరి 24 రాత్రి లాంగ్ బిన్ దగ్గర ‘స్పూకీ 71’ కుడి రెక్కకు మోర్టార్ గుండు తగిలింది. లోపలున్నవాళ్లు ఎగిరి పడ్డారు. గన్నర్ చేతిలోని ఫ్లేర్ పిన్ను ఊడి, తూటాల పెట్టెల మధ్య దొర్లసాగింది. విమానం బాగా ఒరుగుతోంది. లోడ్‌మాస్టర్ జాన్ లెవిటౌ ఒంటినిండా లోహపు ముక్కల గాయాలే, నలభైకి పైగా. కాళ్లు పట్టు ఇవ్వక ఫ్లేర్ మీద పడి, దాన్ని పొట్టకు అదుముకుని, నెత్తురు కారుతుండగా తలుపు దాకా పాక్కుంటూ వెళ్లి బయటికి తోశాడు. తలుపు దాటగానే అది భగ్గుమంది. లోపలే మండి ఉంటే 24,000 తూటాల పక్కన అందరూ బూడిదయ్యేవారు. ఎయిర్‌మన్ ఫస్ట్ క్లాస్ హోదాలో ఉన్న అతనికి అమెరికా అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

నేల మీది దళం విమానానికి తన చోటు ఎలా చెబుతుంది?

గన్‌షిప్ విజయం, వైఫల్యం రెండూ ఇక్కడే తేలతాయి. విమానం ఎంత మంచిదైనా మనవాళ్లు ఎక్కడ, శత్రువు ఎక్కడ అన్నది తెలియకపోతే కాల్చకూడదు.

వియత్నాం పల్లె శిబిరాల్లో చాలాచోట్ల రేడియో సరిగా ఉండేది కాదు, ఉన్నా భాష కలిసేది కాదు. అందుకని చెక్కతో పెద్ద బాణం గుర్తు చేసి, ఇరుసు మీద తిరిగేలా నేలమీద ఉంచి, దాని వెంట ఇసుక, పెట్రోలు నింపిన డబ్బాలు పేర్చేవారు. దాడి మొదలవగానే డబ్బాలు అంటించి బాణం మొనను శత్రువు వైపు తిప్పేవారు. పైలట్‌కు పైనుంచి చీకట్లో మండే బాణం కనబడేది. శిబిరం ఎక్కడ, శత్రువు ఎటు అన్నది ఒక్క చూపులో తెలిసిపోయేది. ఇంత తేలికైన, ఇంత పనికొచ్చిన సంకేతం తర్వాత వచ్చిన ఖరీదైన పరికరాల్లోనూ అరుదు.

ఇప్పుడు కింద శిక్షణ పొందిన నియంత్రకుడు ఉంటాడు. తన చోటు, లక్ష్యం చోటు, లక్ష్యం ఏమిటి, సొంత దళం ఏ దిక్కున ఎంత దూరం, ఏ గుర్తుతో చూపిస్తున్నాడు, ఇవన్నీ ఒక వరుసలో చదువుతాడు. విమానంలోవాళ్లు కీలక అంకెలను తిరిగి చదివి వినిపిస్తారు. ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు మూడు. సొంత చోటు అక్షాంశ రేఖాంశాలను లక్ష్యం స్థానంలో చదవడం మొదటిది. బ్యాటరీ మార్చగానే కొన్ని జీపీఎస్ పరికరాలు సొంత చోటునే చూపించడం దీనికి పేరుపడ్డ కారణం. దిక్కును విమానం వైపు నుంచి చెప్పాడో తన వైపు నుంచి చెప్పాడో స్పష్టం కాకపోవడం రెండోది. గన్‌షిప్ చుట్టూ తిరుగుతుంది కాబట్టి ‘నీ ఎడమ’, ‘నీ కుడి’ అన్న మాటలకు అర్థం ఉండదు. ఉత్తరం, దక్షిణం అనే చెప్పాలి. మూడోది, దళం కదిలాక ఆ సంగతి పైకి చెప్పకపోవడం.

తుపాకులు ఏ కారణాల వల్ల ఆగిపోతాయి?

మినీగన్ గ్యాస్ ఒత్తిడితో పనిచేసేది కాదు, మోటారు తిప్పుతుంది. కాబట్టి పేలని తూటా వస్తే ఆగిపోదు, దాన్నీ బయటికి తోసి ముందుకు పోతుంది. ఇది పెద్ద లాభం. కానీ మోటారుకు కరెంటు కావాలి. విద్యుత్తు పోతే తుపాకీ పోయినట్టే. తూటాలు అందించే మార్గంలో ఒక్క తూటా అడ్డం తిరిగినా మొత్తం బిగుసుకుంటుంది.

మొదట వాడిన ఎస్‌యూయూ-11 పాడ్‌లు (తుపాకీ, తూటాలు కలిపి ఉండే డబ్బాలు) జెట్ విమానాల రెక్క కింద వేలాడదీయడానికి చేసినవి. ఒక్కోదాంట్లో 1,500 తూటాలు, పూర్తి వేగంలో పదిహేను సెకన్ల సరుకు. నేలమీద తీరిగ్గా నింపాల్సినదాన్ని ఊగే విమానంలో, చీకట్లో, చేతుల్తో నింపడం గన్నర్లకు నరకం. తర్వాత విమానం లోపల నిలబెట్టడానికే తయారైన ఎంఎక్స్‌యూ-470 మాడ్యూల్ వచ్చింది: 2,000 తూటాలు, తేలిగ్గా నింపే డ్రమ్ము. మినీగన్‌లు దొరకని తొలినాళ్లలో కొన్ని విమానాలకు .30 క్యాలిబర్ బ్రౌనింగ్ మెషిన్‌గన్‌లు బిగించారు. మినీగన్‌లు చాలినన్ని రాగానే వాటిని పక్కన పెట్టారు.

ఎక్కువసేపు ఆపకుండా కాలిస్తే గొట్టాలు వేడెక్కి తూటాలు చెల్లాచెదురుగా పడతాయి. సొంత దళానికి దగ్గర్లో కాల్చేటప్పుడు చిన్న చిన్న విడతలుగా కాల్చడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు, ఇది కూడా.

మరి అంత బాగా పనిచేస్తే ఎందుకు కూలాయి?

చిన్న గన్‌షిప్‌కు చీకటే కవచం. 914 మీటర్ల ఎత్తు 12.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్‌కు అందుబాటులోనే ఉంటుంది. 14.5, 23 మిల్లీమీటర్ల తుపాకుల సంగతి చెప్పనక్కర్లేదు. పైగా గన్‌షిప్ ఒకే చోట, ఒకే వేగంతో, ఒకే దిశలో తిరుగుతుంది. రెండు చుట్లు చూసినవాడికి మూడో చుట్టులో ఎక్కడుంటుందో తెలుసు. ఐదింటికొకటి చొప్పున వెలిగే ట్రేసర్ తూటాల ఎర్రని గీత పైలట్‌కు గురి చూపిస్తుంది, శత్రువుకు విమానాన్నీ చూపిస్తుంది.

ఏసీ-47గా మారిన 53 డకోటాల్లో 19 పోయాయి, వాటిలో 12 యుద్ధంలో. దక్షిణ వియత్నాం పల్లె శిబిరాల మీద, తేలికపాటి ఆయుధాల మధ్య, అవి బాగా నిలబడ్డాయి. లావోస్‌లో ఉత్తర వియత్నాం సరుకులు పంపే హో చి మిన్ దారి మీద లారీల వేటకు పంపినప్పుడు విమాన విధ్వంసక తుపాకుల ముందు ఆగలేకపోయాయి. విమానం మారలేదు, శత్రువు చేతిలోని ఆయుధం మారింది.

1972లో భుజం మీంచి పేల్చే ఎస్‌ఏ-7 క్షిపణి వచ్చాక తర్వాత వచ్చిన పెద్ద గన్‌షిప్‌లైన ఏసీ-130లకూ ముప్పు తప్పలేదు. 1991 జనవరి 31న గల్ఫ్ యుద్ధంలో భాగమైన ఖాఫ్జీ పోరులో ఒక ఏసీ-130 తెల్లవారాక కూడా కింది దళాల కోసం ఆగింది. క్షిపణి తగిలి 14 మంది చనిపోయారు. రాత్రి విమానం పగలు ఆగిందంటే దాని కవచాన్ని అది వదిలేసినట్టే. కింద మనవాళ్లు పిలుస్తుంటే వదిలి రావడం ఎంత కష్టమో కూడా ఆ ఘటనలోనే ఉంది.

డకోటా కంటే చిన్నవి ప్రయత్నించలేదా?

ప్రయత్నించారు. దక్షిణ వియత్నాం వైమానిక దళం తేలిగ్గా నడుపుకోగల ‘మినీ గన్‌షిప్’ కావాలని 1970ల మొదట్లో ‘క్రెడిబుల్ చేజ్’ అనే కార్యక్రమం నడిచింది. రెండు ఒంటి ఇంజిన్ విమానాలు తీసుకున్నారు: పిలాటస్ పోర్టర్ ఆధారంగా ఫెయిర్‌చైల్డ్ చేసిన ఏయూ-23 పీస్‌మేకర్, హీలియో సంస్థ ఏయూ-24 స్టాలియన్. రెండూ పొలం గట్టంత చోటులో దిగి లేవగలవు. ఎడమ తలుపులోంచి మూడు గొట్టాల ఎక్స్‌ఎం-197 అనే 20 మిల్లీమీటర్ల తుపాకీ కాల్చేది.

చిక్కు బరువులో ఉంది. 7.62 తూటా మొత్తం 24 గ్రాములు. 20 మిల్లీమీటర్ల తూటా పావు కిలో. అంటే అదే బరువుకు పదో వంతు తూటాలే వస్తాయి. చిన్న విమానంలో తుపాకీ, దాని బిగింపు, తూటాలు, గన్నర్, ఇంధనం అన్నీ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒకే ఇంజిన్, నిదానమైన వేగం, పలచని శరీరం. దక్షిణ వియత్నాంలో చేయాల్సిన యుద్ధ పరీక్ష జరగనేలేదు. ఏయూ-23లు థాయ్‌లాండ్‌కు, ఏయూ-24లు కాంబోడియాకు వెళ్లాయి. థాయ్ వైమానిక దళం తన పోర్టర్లను దశాబ్దాల పాటు నడిపింది; తుపాకీ వేదికగా కంటే గస్తీ, రవాణా విమానంగానే అవి ఎక్కువ మన్నాయి.

పాత డకోటా గన్‌షిప్‌లు ఇంకెక్కడ వాడారు?

1980ల్లో ఎల్ సాల్వడార్‌కు మినీగన్‌ల బదులు .50 క్యాలిబర్ మెషిన్‌గన్‌లతో ఏసీ-47లు ఇచ్చారు. .50 క్యాలిబర్‌కు నిమిషానికి కాల్చే తూటాలు తక్కువ, తూటా పోయే దూరం ఎక్కువ. ఇంకాస్త ఎత్తు నుంచి కాల్చవచ్చు. అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది కొలంబియాలో. అక్కడ పాత పిస్టన్ ఇంజిన్లు తీసేసి టర్బోప్రాప్‌లు (పంకాను తిప్పే టర్బైన్ ఇంజిన్లు) పెట్టి, ముందు భాగం పొడిగించి, వేడిని చూసే కెమెరా అమర్చారు. దాని పేరు ‘ఫాంతాస్మా’, అంటే దయ్యం. ఫ్లేర్ వేయకుండానే చీకట్లో మనిషిని చూడగలగడంతో స్పూకీకి ఉన్న పెద్ద లోటు తీరింది.

ఏసీ-208 క్యారవాన్ కూడా గన్‌షిప్పేనా? దానికి తుపాకీ లేదు కదా?

సరైన ప్రశ్న. సెస్నా 208 క్యారవాన్ ఒంటి టర్బోప్రాప్ ఇంజిన్‌తో సరుకులు, ప్రయాణికులను మోసే విమానం. ఇరాక్ కోసం దాన్ని మార్చి రెక్కల కింద రెండు హెల్‌ఫైర్ క్షిపణులు, కింద పగలూ రాత్రీ చూసే కెమెరా, లేజర్ గుర్తు పరికరం, క్షిపణి వస్తే హెచ్చరించి మంట గుళ్లు వదిలే వ్యవస్థ, సిబ్బంది చుట్టూ తూటా ఆపే పలకలు పెట్టారు. లెబనాన్, అఫ్గానిస్థాన్ కూడా వాడాయి. 2014లో ఇరాక్ అన్బార్ ప్రాంతంలో వీటితో దాడులు చేసింది.

పక్కకు కాల్చే తుపాకీ లేకున్నా లక్ష్యం చుట్టూ తిరుగుతూ చూస్తూ ఉండే పద్ధతి అదే. హెల్‌ఫైర్ 45-50 కిలోల క్షిపణి. కొన్ని కిలోమీటర్ల దూరం నుంచే వేయవచ్చు కాబట్టి రైఫిళ్లకు అందకుండా ఉండవచ్చు. కానీ రెండు క్షిపణులు వేశాక మిగిలేది కెమెరా మాత్రమే. లక్ష్యం మీద లేజర్ పడుతూ ఉండాలి; మధ్యలో మబ్బు గానీ దట్టమైన పొగ గానీ వస్తే గురి పోతుంది. కంచె మీదికి గుంపుగా వచ్చేవాళ్లను గంటల తరబడి తలెత్తకుండా చేయడం దీని వల్ల కాదు. లేజర్‌తో నడిచే 70 మిల్లీమీటర్ల రాకెట్లు వచ్చాక ఈ లోటు కొంత తీరింది: ఒక్కోటి సుమారు 15 కిలోలే కాబట్టి ఏడు గొట్టాల పాడ్‌తో ఏడు సార్లు కొట్టవచ్చు. చిన్న విమానానికి ఇవాళ సరిపోయే ఆయుధం ఇదేనని మా అభిప్రాయం.

ఇప్పుడు డ్రోన్లున్నాయి కదా, మనుషులున్న చిన్న గన్‌షిప్ ఎందుకు?

ఆకాశంలో ఎక్కువసేపు ఉండటంలో డ్రోన్‌దే పైచేయి. కానీ డ్రోన్‌కు ఉపగ్రహ సంబంధం, నేలమీద నియంత్రణ కేంద్రం, నిపుణులు కావాలి. క్యారవాన్‌కు మట్టి రన్‌వే, ఇంధనం పీపా, ఆ ఇంజిన్ తెలిసిన మెకానిక్ చాలు. విడిభాగాలు పౌర విమానాల బజారులోనే దొరుకుతాయి. అమెరికా ప్రత్యేక దళాలు 2022లో పొలాల మందు విమానం ఎయిర్ ట్రాక్టర్ ఏటీ-802 ఆధారంగా చేసిన స్కై వార్డెన్‌ను ఎంచుకోవడానికి కారణం ఇలాంటిదే. శత్రువు చేతిలో క్షిపణులుంటే మాత్రం ఇవేవీ పనికిరావు.

భారత వైమానిక దళానికి ఇలాంటివి ఉన్నాయా?

పక్కకు కాల్చే గన్‌షిప్ విమానం లేదు. రవాణా విమానాన్ని ఆయుధంగా వాడిన అనుభవం మాత్రం ఉంది. 1971లో ఏఎన్-12 రవాణా విమానాలను వెనక తలుపులోంచి బాంబులు వదిలేలా మార్చి రాత్రిపూట పంపారు. అదే ఏడాది నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో బంగ్లాదేశ్ పైలట్లతో ‘కిలో ఫ్లైట్’ ఏర్పడింది. ఒక ఆటర్ విమానానికి, ఒక అలూయెట్ హెలికాప్టర్‌కు రాకెట్లు బిగించి, డిసెంబరు 3 రాత్రి చిట్టగాంగ్, నారాయణగంజ్ చమురు డిపోల మీద దాడి చేశారు. చిన్న విమానానికి ఆయుధం కట్టి చీకటినే కవచంగా వాడుకోవడానికి మన దగ్గరి మంచి ఉదాహరణ ఇదే.

కొండల్లో సంగతి వేరు. 5,000 మీటర్ల శిఖరం మీది శత్రువు చుట్టూ 900 మీటర్ల ఎత్తున తిరగాలంటే విమానం దాదాపు 6,000 మీటర్ల దగ్గర ఉండాలి. అక్కడ గాలి పలచన, ఇంజిన్ బలం తక్కువ, చక్రం పెద్దది. పక్క శిఖరం మీద ఇంకొకడు విమానంతో సమానమైన ఎత్తులో కూర్చుని ఉండవచ్చు. 1999 మే 28న కార్గిల్‌లో రాకెట్లు కాలుస్తున్న మీ-17 హెలికాప్టర్‌ను స్టింగర్ క్షిపణి కూల్చి నలుగురిని బలిగొన్నాక, ఆయుధ హెలికాప్టర్లను ఆ పోరు నుంచి తప్పించారు. తర్వాత భారత్ ఎంచుకున్న దారి ఎత్తులకు తగిన దాడి హెలికాప్టర్. 2022 అక్టోబరులో జోధ్‌పూర్‌లో ప్రచండ్ వైమానిక దళంలో చేరింది: ముందు 20 మిల్లీమీటర్ల తుపాకీ, 70 మిల్లీమీటర్ల రాకెట్లు. 2025 మార్చిలో మరో 156కు ఒప్పందం కుదిరింది.